పలాస, టెక్కలి, ఉద్దానం: మీ రోడ్డు మీద గుంత ఎవరి ఖాతాలోది?

వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషికి రోడ్డు మీద గుంత చిన్న విషయం కాదు. నాలుగు గంటలు మెషీన్ దగ్గర పడుకుని, నీరసంగా ఆటోలో ఇంటికి వస్తుంటే ప్రతి కుదుపూ ఒంటికి తెలుస్తుంది. ఉద్దానంలో ఈ ప్రయాణాలు నిత్యం జరిగేవే. పలాస, సోంపేట, టెక్కలిలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆసుపత్రి దగ్గరకొచ్చింది. మరి అక్కడికి వెళ్లే రోడ్డును బాగుచేయాల్సింది ఎవరు?

వజ్రపుకొత్తూరు మండలంలోని ఓ తీరగ్రామం నుంచి పలాస బయలుదేరారనుకోండి. ఇంటి ముందు సీసీ రోడ్డు పంచాయతీది. ఊరు దాటాక వచ్చే తారు రోడ్డు చాలాచోట్ల పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానిది. మండల కేంద్రాలను, పట్టణాలను కలిపే పెద్ద రోడ్డు ఆర్‌అండ్‌బీది. 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే అది ఎన్‌హెచ్ఏఐ పరిధి. పలాస-కాశీబుగ్గలో వార్డు రోడ్లు మున్సిపాలిటీవి. ఊరి మధ్య నుంచి పోయే మెయిన్ రోడ్డు మాత్రం మున్సిపల్ హద్దులో ఉన్నా ఆర్‌అండ్‌బీ చేతిలోనే ఉండొచ్చు. రోగికి ఇదంతా ఒకటే రోడ్డు, ప్రభుత్వ లెక్కల్లో మాత్రం ఐదు ఖాతాలు. వార్డు కౌన్సిలర్‌ని నిలదీస్తే ‘అది మా రోడ్డు కాదండీ’ అనేది అన్నిసార్లూ తప్పించుకునే మాట కాదు. ఒక్కోసారి నిజమే.

టెక్కలిది ఇంకో ముడి. రెవెన్యూ డివిజన్ కేంద్రం, చూడటానికి పట్టణమే. కానీ ఏళ్లుగా మేజర్ పంచాయతీగానే నడిచింది. అంటే పట్టణమంత ట్రాఫిక్‌ని పంచాయతీకి వచ్చే ఆదాయంతో మోయాలి.

కొత్త రోడ్డుకు ఉన్న డబ్బు పాత రోడ్డుకు ఎందుకు ఉండదు?

అసలు చిక్కు ఇక్కడుంది. కొత్త రోడ్డు వేయడానికి పథకాలున్నాయి. 2024 అక్టోబరు 14 నుంచి ‘పల్లె పండుగ’ పేరుతో రాష్ట్రవ్యాప్తంగా పంచాయతీల్లో పనులకు శంకుస్థాపనలు చేశారు. ఉపాధి హామీ పథకం మెటీరియల్ నిధులతో సీసీ రోడ్లు అందులో ప్రధానం. అంతకుముందు నుంచే పల్లెలను కలిపే రోడ్లకు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఉంది. కానీ ఆరేళ్ల కిందట వేసిన తారు రోడ్డుపై కొత్త పొర వేయాలంటే శిలాఫలకం ఉండదు, ప్రత్యేక పథకం ఉండటం అరుదు. మున్సిపాలిటీ అయితే ఆస్తి పన్ను, ఇతర సొంత ఆదాయం కలిసిన సాధారణ నిధి నుంచి తీయాలి. జీతాలు, వీధిదీపాలు, పారిశుధ్యం పోను మిగిలినదాంట్లోంచే ఆ ఖర్చు. పంచాయతీ పరిస్థితి మరీ ఇరుకు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించాలన్నది నిబంధన. ఆర్‌అండ్‌బీకి మాత్రం ఇంకో దారి ఉంది. రోడ్ల కోసమని 2020 సెప్టెంబరులో రాష్ట్రం పెట్రోలు, డీజిల్‌పై లీటరుకు రూపాయి చొప్పున సెస్సు వేసింది. పలాసలో బండికి పెట్రోలు కొట్టించుకున్న ప్రతివారూ అది కట్టినవారే.

2024 నవంబరు 2న అనకాపల్లి జిల్లాలో ముఖ్యమంత్రి గుంతల రహిత రోడ్ల కార్యక్రమాన్ని ప్రారంభించారు. మంచిదే. అయితే గుంత పూడ్చడం వేరు, రోడ్డును రెన్యువల్ చేయడం వేరు. గుంతను సరిగ్గా పూడ్చాలంటే పాడైన భాగాన్ని చదరంగా కోసి, దుమ్ము ఊడ్చి, పలచగా తారు పూసి, కంకర మిశ్రమాన్ని నింపి రోలర్‌తో అణచాలి. పారతో నింపి పోతే ఒక్క వానకే లేచిపోతుంది. ఇంత చేసినా ఆ రోడ్డు మిగతా ఒళ్లు పాతదే. పగుళ్లలోంచి నీరు కిందికి దిగి మెటల్ పొరను వదులు చేస్తుంటే గుంత పక్కనే ఇంకో గుంత వస్తుంది. సమయానికి పైపొర వేస్తే తక్కువలో తేలిపోయే పని, వదిలేస్తే రోడ్డును అడుగు నుంచి తిరిగి కట్టే ఖర్చుకు చేరుతుంది.

ఈ తీరానికి మరో ఇబ్బంది క్యాలెండర్. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు రోడ్లకు అడ్డంగా పడిపోయాయి. తడి మీద తారు పనిచేయదు కాబట్టి మిగిలేది డిసెంబరు నుంచి మే వరకు. కానీ బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఎస్టిమేట్, కౌన్సిల్ ఆమోదం, సాంకేతిక మంజూరు, టెండరు పూర్తయ్యేసరికి వానలు పడతాయి. వానలు ఆగాక పని మొదలైతే మార్చి 31 బిల్లుల హడావుడి. పైగా పాత బిల్లులు పెండింగులో ఉంటే టెండరుకు కాంట్రాక్టరే రాడు. ఇది రాష్ట్రంలో చాలాచోట్ల వార్తల్లోకి వచ్చిన సంగతే. ఎస్టిమేట్లు, ఆమోదాలు వానాకాలంలోనే ముగించుకుని డిసెంబరు మొదటివారానికి రోలర్ రోడ్డెక్కేలా చూడటమే మున్సిపాలిటీ చేయగల అసలు పని. దీనికి అదనంగా నిధులు అక్కర్లేదు.

తవ్వకాల సంగతీ చెప్పుకోవాలి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చేందుకు సుమారు రూ.700 కోట్లతో సుజలధార ప్రాజెక్టు వచ్చింది. కిడ్నీలు బాగుండాలంటే ఆ నీరు కావాలి. అయితే ఏ పైపులైనుకైనా రోడ్డు తవ్వితే మట్టిని పొరలు పొరలుగా అణచి, పైన తిరిగి తారో సీసీయో వేయాలి. ఆ ఖర్చును తవ్వేవారు రోడ్డు యజమానికి ముందే జమచేయాలి. ఆ డబ్బు జమయిందా, దాంతో రోడ్డు పూడ్చారా అన్నది వార్డు స్థాయిలో అడగాల్సిన ప్రశ్న.

మరి ఎవరిని అడగాలి? హైవే అయితే 1033కి ఫోన్ చేయండి. వార్డు రోడ్డయితే పురమిత్ర యాప్ లేదా మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగం. ఎవరిదో తెలియకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. గ్రామ సడక్ యోజన రోడ్డయితే పక్కనున్న బోర్డు మీద పని పూర్తయిన తేదీ చూడండి. ఆ తేదీ నుంచి ఐదేళ్లపాటు నిర్వహణ వేసిన కాంట్రాక్టరుదే, ప్రభుత్వం మళ్లీ టెండరు పిలవాల్సిన పనిలేదు. మిగతా రోడ్లకు సమాచార హక్కు చట్టం కింద మూడు అడగండి: ఆ రోడ్డుకు చివరిసారి పైపొర ఎప్పుడు వేశారు, కాంట్రాక్టరు లోపాలు సరిచేయాల్సిన గడువు ఎప్పటివరకు ఉంది, ఎం-బుక్‌లో ఎంత పొడవు, ఎంత మందం రాశారు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. మందం అంకె చేతికొచ్చాక టేపు పట్టుకుని రోడ్డు అంచు దగ్గరికి వెళ్లండి.