నూటికి ఎంత ఇచ్చారు?

మా బావమరిదిది హైదరాబాద్ కర్మన్‌ఘాట్. పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ అయింది. చేతిలో 5 లక్షల పాలసీ ఉంది, ఏడేళ్లుగా ఒక్క ప్రీమియమూ తప్పలేదు. నాలుగో రోజు పొద్దున డిశ్చార్జ్ అన్నారు. పదింటికి బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లం దీపాలు పెట్టే వేళకు లేచాం. బిల్లు 2,20,000 అయితే బీమా కంపెనీ ఇచ్చింది 1,51,000. మిగతా 69,000 అప్పటికప్పుడు తెలిసినవాళ్లను అడిగి కట్టాం.

ఎందుకు కోశారో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. పాలసీలో రోజుకు గది అద్దె 5,000 దాటకూడదని ఉంది. ఆసుపత్రి ఇచ్చిన గది 8,000. రోజుకు మూడు వేలు మనం కట్టుకుంటే సరిపోతుందనుకున్నాం. కానీ గది అద్దె, సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ అన్నీ కలిపి 1,60,000 అయితే, మొత్తాన్నీ ఎనిమిదికి ఐదు చొప్పున తగ్గించి లక్ష చేశారు. మందులు, పరీక్షల 60,000లో గ్లవ్స్, మాస్కుల్లాంటి వాటికి మరో 9,000 తీసేశారు. గది ఎంచుకున్నప్పుడు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. చెబితే చిన్న గదిలోనే ఉండేవాడు.

పాలసీ అమ్మిన ఏజెంటు ఒకే అంకె చూపించాడు: ఈ కంపెనీ నూటికి ఇన్ని క్లెయిములు చెల్లిస్తుంది అని. మా బావమరిది క్లెయిమ్ కూడా అందులో ‘చెల్లించినది’గానే చేరుతుంది. అరవై తొమ్మిది వేల కోత అందులో ఎక్కడా కనబడదు. నా బాధంతా ఆ అంకె గురించే.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023-24 వార్షిక నివేదిక చూడండి. ఆరోగ్య బీమాలో క్లెయిముల సంఖ్య లెక్కన చెల్లించినవి నూటికి సుమారు 83. అదే సొమ్ము లెక్కన, వచ్చిన 1.17 లక్షల కోట్లలో చెల్లించింది 83,493 కోట్లు, అంటే నూటికి 71. కొంత పెండింగులో ఉంది, నిజమే. అయితే పూర్తిగా తిరస్కరించిన సొమ్ము 10,937 కోట్లుంటే, షరతులు చూపి కోసేసింది 15,100 కోట్లు. పేపర్లలో తిరస్కరణల కథలే వస్తాయి. కోతే పెద్దదని నివేదికే చెబుతోంది.

అదే నివేదికలో మరో కొలత ఉంది: వసూలైన ప్రీమియంలో క్లెయిములకు పోయిందెంత? ఆరోగ్య బీమా ఒక్కటే చేసే కంపెనీలకు అది నూటికి 65 చుట్టూ ఉంటే, ప్రభుత్వ రంగ కంపెనీలకు 100 దాటింది. ఉద్యోగుల గ్రూపు పాలసీలు కూడా కలిసిన లెక్క కాబట్టి, ఒక కుటుంబం కొనే పాలసీకి దీన్ని నేరుగా అన్వయించలేం.

ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీనీ ఇలాగే చూడాలి. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో పరిమితి 10 లక్షలైంది, మంచిదే. 2025 సెప్టెంబరులో బకాయిలు అందలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. తలుపు తెరవని చోట 10 లక్షలున్నా 5 లక్షలున్నా పేదవాడికి ఒకటే.

2024 మేలో ఐఆర్‌డీఏఐ మంచి నిబంధన తెచ్చింది. క్యాష్‌లెస్ కోసం అడిగితే గంటలో జవాబివ్వాలి. డిశ్చార్జ్ అభ్యర్థన అందాక మూడు గంటల్లో అనుమతివ్వాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ ఖర్చు కంపెనీదే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ప్రతి ఆసుపత్రి ముందూ క్యాష్‌లెస్ బోర్డు ఉంది. ఈ మూడు గంటల మాట కూడా ఆ పక్కనే రాయాలి. ఆ రోజు కౌంటర్ దగ్గర మాకు ఈ సంగతి తెలియదు.

ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రాంగూడలోనే ఉంది. ఆ సంస్థకు నా విన్నపం ఒక్కటే. కంపెనీవారీగా కాదు, పాలసీవారీగా చెప్పించండి: ఆసుపత్రి వేసిన ప్రతి 100 రూపాయల్లో ఈ పాలసీ ఎన్ని ఇచ్చింది, ఎన్ని గంటల్లో ఇచ్చింది, ఎందుకు కోసింది. పాలసీ మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో, తెలుగులో.

అంతదాకా పాఠకులు ఒక పని చేయండి. ఇవాళే పాలసీ తీసి గది అద్దె పరిమితి ఎంతో చూడండి. ఆసుపత్రిలో గది తీసుకునే ముందు ఆ అంకె చెప్పండి. అన్యాయంగా కోశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.