సీజన్ నడుమ లెక్కల మీటలు మారిస్తే ఎలా?

మిర్చి క్వింటాలుకు వంద రూపాయలు తగ్గితే యార్డంతా అదే చర్చ. లెక్కల సాఫ్ట్‌వేరులో ఒక మీట మారితే మాత్రం ఆ గొడవ గుమాస్తాకూ ఆడిటరుకూ మధ్యనే ఉండిపోతుంది. నష్టం రెంటిలోనూ వర్తకుడిదే.

చిట్టా, ఆవర్జాల స్థానంలో కంప్యూటరు వచ్చాక మన మార్కెట్లలో చాలా కొట్లకు ట్యాలీయే లెక్కల పుస్తకం అయింది. 2020 నవంబరులో ఆ కంపెనీ ఈఆర్‌పీ 9 స్థానంలో ట్యాలీ ప్రైమ్‌ను విడుదల చేసింది. అప్పటివరకు మొదటి తెర మీద ఉన్న ‘అకౌంట్స్ ఇన్ఫో’, ‘ఇన్వెంటరీ ఇన్ఫో’ మెనూలు తీసివేశారు. మీటలూ మార్చారు. అసలు చిక్కు ఇక్కడే. కొన్నవారు తేమ అనో తరుగు అనో సరుకు తిప్పి పంపితే రాయవలసిన క్రెడిట్ నోటుకు లోగడ కంట్రోల్ ఎఫ్ 8 నొక్కేవారు. ప్రైమ్‌లో అది ఆల్ట్ ఎఫ్ 6. పోనీ పాత మీటను ఖాళీగా వదిలారా అంటే అదీ లేదు, అమ్మకపు ఆర్డరుకు కేటాయించారు. అమ్మకపు ఆర్డరుకు ఉండిన ఆల్ట్ ఎఫ్ 5 ఇప్పుడు డెబిట్ నోటు! కొత్తగా చేరిన కుర్రవాడికి దీనితో ఇబ్బంది లేదు. తెర చూడకుండా వేళ్లతోనే పని నడిపే పాత గుమాస్తాయే తప్పులో కాలేస్తాడు.

సౌకర్యాలు పోలేదు, చోటు మారాయంతే అనే వాదన ఉంది. అది సగం నిజం. కావలసినదాన్ని పేరుతో వెతికే ‘గో టు’ మేలైనదే. కాని సాయంత్రం లారీ కదిలే వేళ వెతుక్కోవలసిన సౌకర్యం లేనిదాని కిందే లెక్క.

పాతదానితోనే నెట్టుకురావడమూ కష్టం. ఈ-ఇన్వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవారితో మొదలై, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవారికీ వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు దిద్దుబాట్ల జాడ చెరపడానికి వీలులేని సాఫ్ట్‌వేరునే వాడాలి (భాగస్వామ్య కొట్లకు ఇది వర్తించదు). చట్టం కోసం చేసిన మార్పును ఎవరూ కాదనరు. క్రెడిట్ నోటు మీట మార్చమని ఏ చట్టం అడిగింది?

మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్ తీసివేసింది. వాడేవారు గోల పెట్టగా 2013లో 8.1లో తిరిగి పెట్టింది. కనుక అడిగితే జరగనిదేమీ కాదు. ఒక్కొక్క కొట్టువారు డీలరుకు ఫోను చేసి విసుక్కోవడం వల్ల ప్రయోజనం లేదు. వర్తక సంఘాలు రాతపూర్వకంగా అడగాలి: పెద్ద మార్పు తెచ్చినప్పుడు కనీసం ఒక సంవత్సరం పాత మీటలను కూడా ఎంచుకునే వీలు ఉండాలి, ఏది తీశారో ఏది ఎక్కడికి జరిపారో తెలుగులో ముందుగానే జాబితా ఇవ్వాలి.

ఈలోగా మన చేతిలో ఉన్నది ముహూర్తం ఒక్కటే. కొత్త ఖాతాలు కదా అని ఏప్రిల్ 1న మార్చడం గుంటూరు మిర్చి కొట్లకు తగదు. అప్పటికి టిక్కీల రాక జోరుగా ఉంటుంది. యార్డు వేసవి సెలవులలో మార్చుకుంటే గుమాస్తాకు చెయ్యి తిరగడానికి వ్యవధి దొరుకుతుంది. మార్చేముందు పాత లెక్కల నకలు వేరొక డిస్కులో భద్రపరచుకోవాలి. 2023లో వచ్చిన ప్రైమ్ 3.0లోకి ఒకసారి మార్చిన లెక్కలు అంతకు ముందటి రిలీజులో తెరుచుకోవు.