రెండు బోరులు

మా విడపనకల్లు సీమలో ‘బోరు’ అను మాటకు అర్థములు రెండు. రెండింటి వెనుకను అప్పు కలదు. ఒకటి నీటికొఱకు నేలలోనికి దింపునది. రెండవది ఇంజనులో పిస్టను ఎక్కి దిగు గొట్టము. ‘బోరు ఎండినది’ యన్న రైతు ఇంటను, ‘బండి బోరుకు వచ్చినది’ యన్న కారుగలవాని ఇంటను ఆ రాత్రి సాగు ఆలోచన యొక్కటియే: ఉన్నదానినే బాగుచేయించుకొనవలెనా, లేక వేఱొకటి చూచుకొనవలెనా? ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు జిల్లాలో పుట్టినవాడనగుటచే మొదటి బోరు చింత నాకు పుట్టుకతోనే అబ్బినది. రెండవది ఈ వేసవిలో దాపురించినది.

మా తండ్రిగారి నాటి అంబాసడరు కొంతకాలముగా ప్రొద్దుననే నీలిపొగ విడుచుచు, గుంతకల్లు పోయి వచ్చునంతలో ఆయిలు త్రాగివేయుచు, మిట్ట వచ్చినచో ఉబ్బసపు రోగివలె రొప్పుచుండెను. మా ఊరి మెకానిక్కు ఆయిలుమూత తీసి, అచ్చటనుండి ఎగదన్ను పొగపై అరచేయి పట్టి, ‘దమ్ము పొయ్యిండాది సామీ, బోరుకొచ్చిండాది’ అని తీర్పు చెప్పెను. ఆనాటి సాయంకాలము మా అరుగుమీద మూడు పక్షములు లేచినవి: బోరు కొట్టింపుమని కొందఱు, మటడోరు డీసెలు ఇంజను ఎక్కింపుమని కొందఱు, గుజిరీకి తూకమున వేయుమని శేషించినవారు.

ఇంజను మార్చుట యన్న మాట వినుటకు సుఖముగానే యుండును. కాని 1957లో ఉత్తరపారాలో అంబాసడరు తయారీ మొదలిడిన హిందుస్థాన్ మోటార్సు 2014 మే మాసమున ఆ పనిని ఆపివేసినది గనుక, నేడు మనకు దొరకునది కొత్త ఇంజను గాదు, వేఱొక బండి చావగా మిగిలిన ఇంజను. అది ఎన్ని మైళ్లు తిరిగినదో, ఎన్నిమార్లు కాగిపోయినదో అమ్మువాడెఱుగడు, ఎఱిగినను చెప్పడు. ఇక డీసెలు చవుకగానున్న దినములలో పలువురు చేసినట్లు అన్యజాతి ఇంజనును ఎక్కింపదలచినచో, దిమ్మెలు మార్చవలెను, గేరుపెట్టెతో పొత్తు కుదుర్పవలెను, ముందరి స్ప్రింగులకు ఆ బరువు నేర్పవలెను. ఇన్నియు చేసినను చట్టము మిగిలియే యుండును: 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము ఇంజను మార్చినవాడు పదునాలుగు దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను, తయారీదారు నిర్ణయించిన స్వరూపమునకు విరుద్ధముగ బండిని మార్పరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టముగ చెప్పినది. పదునైదేండ్లు నిండిన సొంతబండికి అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలెను గదా. అప్పుడు ఆర్‌సీలోని ఇంజను నంబరొకటియు, బండిలోని నంబరొకటియు ఐనచో యజమాని నోట మాట పెగలదు.

బాగుచేయించుటకును హద్దు కలదు. అంబాసడరు పాత పెట్రోలు ఇంజను 1489 సీసీలది. దాని బోరు పుట్టుకలో 73 మిల్లీమీటర్లు. అరిగినప్పుడెల్ల దానిని కోసి వెడల్పుచేసి, ఇరువది సైజు, నలుబది సైజు అని అంగుళములో వెయ్యవవంతుల లెక్కన పెద్ద పిస్టనులను వేయుదురు. ఆ పిమ్మట కోయుటకు గోడ చాలదు గనుక లైనర్లు దిగగొట్టవలసినదే. దీనితో క్రాంకు గ్రైండింగును, బేరింగులును, హెడ్డుపనియు చేరును. మఱి చాసిస్ త్రుప్పుపట్టి తలుపులు వ్రేలాడు బండికి ఈ ఖర్చంతయు పెట్టుట, నీరింకిన బోరులోనికి మోటారును వైండింగు చేయించి దింపుట వంటిది. మా ప్రాంతమున వర్షములేమి చేసిన ఉపకారమొక్కటి కలదు: బండి అడుగుభాగము త్రుప్పెఱుగదు.

మార్చుట, మరమ్మతు అను రెండు మార్గములను రైల్వేవారును త్రొక్కిరి. మా గుత్తి షెడ్డులో డీసెలు ఇంజనులను చూచి పెరిగినవారికిది క్రొత్తగాదు. పదునెనిమిదేండ్లు నడచిన ఇంజనులను పటియాలా కర్మాగారమున విప్పి తిరిగి కట్టి, 2600 గుఱ్ఱముల సత్తువగలవానిని 3100 గుఱ్ఱములవిగా చేసి పంపెడివారు. 2018లో వారణాసి కర్మాగారమువారు రెండు పాత డీసెలు ఇంజనుల గర్భమును తీసివేసి విద్యుత్తుతో నడచు పదివేల గుఱ్ఱముల జంట ఇంజనుగా మార్చిరి. అయినను వారు దేనినైనను అరుగుమీద తేల్చుకొనలేదు; విప్పి, కొలిచి, పిదప నిర్ణయించిరి.

నేనును కొలిపింపదలచి బళ్లారి పోతిని. 1882కు పూర్వము మాకు బళ్లారియే జిల్లా. ఇప్పటికిని లేతుపనియన్నచో మా కాళ్లు అటువైపే సాగును. అచ్చటి లేతుపనివాడు ఇంజను విప్పి, డయలు గేజి దింపి, నాలుగు బోరులను పైన, నడుమ, అడుగున కొలిచి, మా తండ్రిగారి కాలముననే ఇరువది సైజు పడినదనియు, నలుబదికి మాత్రము చోటున్నదనియు చెప్పెను. ఎయిర్ క్లీనరు అడుగున రేగడిదుమ్ము నూనెతో కలసి ముద్దయై యుండెను. అతడు ఖర్చుమాట ఎత్తక, బ్లాకులో నీరు తిరుగు సందులను స్క్రూడ్రైవరుతో గీకి, రాలిన తెల్లని పెళ్లను నా చేతిలో పెట్టి, ‘రేడియేటర్లో ఏ నీళ్లు పోస్తాండారు సామీ?’ అని అడిగెను. మా పెరటి బోరునీరే యంటిని.

అప్పుడు గాని నాకు తెలియలేదు, మా యింటి రెండు బోరులలో ఒకటి రెండవదానిని చంపినదని. పాతాళమునుండి తోడిన ఆ ఉప్పునీరు సందులలో గారకట్టి, వేడిని బయటికి పోనీయక, పిస్టనుకును గోడకును నడుమనున్న నూనెపొరను కాల్చివేసినది. రేగడిదుమ్ము మిగిలిన పనిని పూర్తిచేసినది. అరుగుమీది మూడు పక్షములలో ఒక్కటియు ఈ ప్రశ్న వేయలేదు. నేను వేఱొక ఇంజను కొనియున్నను, అది ఎంత గట్టిదైనను ఆ నీటినే త్రాగి, ఆ దుమ్మునే పీల్చి, కొలది యేండ్లలో ఈ లేతు ఎదుటికే వచ్చియుండెడిది. కావున పాత ఇంజను చావునకు కారణము తెలియనివాడు మరమ్మతునకును తొందరపడరాదు, మార్పునకును తొందరపడరాదు.

నలుబది సైజు వేయించితిని. రేడియేటరు కడిగించి, బ్యాటరీ నీరును కూలెంటును కొనితెచ్చితిని. బండి యింటికి వచ్చిననాడు మా మనుమడు అలవాటు చొప్పున పెరటిబోరునుండి బిందెడు నీరు మోసికొని వచ్చెను. వానిని కసరక, ఆ బిందెను గుమ్మము ముందటి వేపచెట్టునకు పోయించితిని.

— రేగడివాసి