బోర్డో మందు పుట్టిన ఊరిలో

మా ఫ్రాన్సు ప్రయాణము సంగతులు రాయమని అమీర్‌పేట, పంజాగుట్ట సంఘస్థులు కొందరు చాలాకాలముగా అడుగుతున్నారు. పారిస్ గురించి అందరూ రాస్తారు. ఈఫిల్ టవర్ ముందు నిలబడి తీయించుకున్న ఫొటో లేని ఇల్లు మా వీధిలో ఇప్పుడు వెదకాలి. అందుకని ఈ నెల బోర్డో సంగతులు మాత్రమే రాస్తాము.

ఆ ఊరి పేరు మా ఇంట్లో కొత్తది కాదు. ఉప్పల్ అవతల మా నాన్నగారు ద్రాక్షతోట కౌలుకు చేసిన రోజుల్లో రోజూ వినబడే మాట అది. హైదరాబాదు చుట్టూ, ఉప్పల్, మేడ్చల్, శామీర్‌పేట వైపుల ద్రాక్షపందిళ్ళు విస్తారముగా ఉండేవి. అనాబ్-ఎ-షాహీ అనే రకము, లేత పసుపు రంగు, పొడుగాటి పండు. ముసురు పట్టిందంటే ఆకుల అడుగున తెల్లని బూజు తెగులు వచ్చేది. అప్పుడు నాన్నగారు మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో విడివిడిగా కరిగించి, రెండూ కలిపి నూరు లీటర్ల నీరు చేసేవారు. అందులో కత్తి ముంచి తీసేవారు. కత్తికి ఎర్రగా రాగిపూత అంటితే ఇంకా సున్నము పడాలని అర్థము. అదే బోర్డో మిశ్రమము. పిచికారీ చేసిన వారమంతా ఆయన గోళ్ళు నీలముగానే ఉండేవి. బోర్డో అనేది మందు కంపెనీ పేరనుకున్నాము చాలా ఏళ్ళు.

2023 సెప్టెంబరులో పంజాగుట్టలో టిక్కెట్లు కట్టి, 21 మందిమి కలిసి వెళ్ళాము. పారిస్ నుండి బోర్డోకు వేగపు రైలులో రెండు గంటల పైచిలుకు ప్రయాణము. ఊరి నడుమ గారోన్ నది చంద్రవంకలా వంగి పారుతుంది. నీళ్ళు వరద గోదావరి రంగు. 1822లో పూర్తయిన రాతివంతెనకు 17 కమానులున్నాయి. నెపోలియన్ బోనపార్టు పేరులోని అక్షరాలు, వాళ్ళ లిపిలో, 17 అని గైడమ్మ లెక్కపెట్టి చూపించింది. పెద్ద చౌకు ఎదుట 2006లో కట్టిన నీటి అద్దము ఉంది. నల్లరాతి పలకల మీద రెండు సెంటీమీటర్ల నీరు మాత్రమే నిలుస్తుంది, ఎదుటి భవనాలన్నీ అందులో తలక్రిందులుగా కనబడతాయి. మా గుంపులోని పిల్లలు చెప్పులు విడిచి దానిలో దిగితే బయటకు రప్పించడానికి అరగంట పట్టింది.

ఆ భవనాల అందము చూసి స్తోత్రము చెప్పబోతుండగా గైడమ్మ నదిగట్టు మీది ఒక కంచు విగ్రహము దగ్గరకు తీసుకువెళ్ళింది. మోదెస్త్ తెస్తాస్ అనే బానిస స్త్రీ విగ్రహము, 2019లో నిలబెట్టారు. తూర్పు ఆఫ్రికాలో చిన్నతనమునే అపహరింపబడిన ఆమెను బోర్డో వర్తకులు కొన్నారు. ఈ రేవు నుండి బయలుదేరిన ఓడలు లక్షకు పైగా ఆఫ్రికనులను అట్లాంటిక్ దాటించాయని ఆమె చెప్పింది. ఆ సొమ్ములో కొంత ఈ రాతిగోడలలోనే ఉన్నదట. మాలో ఎవ్వరము ఆ కొద్దిసేపు ఫొటోలు తీయలేదు.

మరునాడు సుమారు 40 కిలోమీటర్ల దూరములోని సెంట్ ఎమిలియోన్‌కు బస్సులో తీసుకువెళ్ళారు. ఎనిమిదవ శతాబ్దములో ఎమిలియన్ అనే సన్యాసి గుహలో నివసించిన స్థలము. తరువాతివారు ఆ సున్నపురాతి కొండనే లోపలికి తొలిచి దేవాలయము చేశారు. మన ఎల్లోరా చూసినవారికి ఆశ్చర్యము కొంత తగ్గుతుంది గాని, చలి మాత్రము తగ్గదు.

దారిపొడుగునా ద్రాక్షతోటలే. మన పందిళ్ళ క్రింద నడిచి, తల ఎత్తి గుత్తులు చూసిన మాకు అవి తోటల్లాగే అనిపించలేదు. నడుము ఎత్తు కూడా లేని పొదలు, కంచె వేసినట్టు వరుసలు. మనము వేసవిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాము. వారికి చలికాలములో ఒక్క కత్తిరింపే. వరుసల చివర గులాబీ మొక్కలున్నాయి. అందము కోసమేనా అని అడిగితే, బూడిద తెగులు ముందు గులాబీకి తగులుతుంది, అది చూసి తోటవాడు జాగ్రత్తపడేవాడని చెప్పింది.

బోర్డో మిశ్రమము సంగతి మేమే అడిగాము. ఆ ప్రశ్న వేసిన హైదరాబాదీలము మేమే మొదటివారమట! పందొమ్మిదవ శతాబ్దము రెండవ సగములో వేళ్ళను పీల్చే పురుగు ఫ్రాన్సు తోటలను నాశనము చేసింది. దానికి తట్టుకునే అమెరికా వేళ్ళు తెప్పించి అంట్లు కట్టారు. 1878 నాటికి అమెరికా నుండే బూజు తెగులు కూడా దిగింది. 1882లో మిలార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు మెడాక్ ప్రాంతములో నడుస్తూ ఒక వింత గమనించాడు. తోటంతా ఆకు రాలిపోయింది, బాట పక్క వరుసలు మాత్రము పచ్చగా ఉన్నాయి. బాటసారులు పండ్లు దొంగిలించకుండా, విషమని భయపెట్టడానికి, ఆ వరుసల మీద మైలుతుత్తము, సున్నము చల్లారట. మూడేళ్ళు పరీక్షించి 1885లో ఆయన దానిని ప్రకటించాడు. దొంగల కోసము కలిపిన నీళ్ళు నాన్నగారి డబ్బాలోకి వచ్చిన కథ ఇది. ఇప్పుడు అక్కడ రాగి భూమిలో పేరుకుపోతున్నదని, ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోలు మించకూడదని 2019 నుండి నియమము పెట్టారు. నాన్నగారు వింటే నవ్వేవారో, దిగులుపడేవారో.

ఇక అసలు సంగతి. ప్రోగ్రాము కాగితములో ఆ మధ్యాహ్నము ‘టేస్టింగ్’ అని ఒక్క మాట ఉంది. ద్రాక్షపండ్ల రుచి అనుకున్నామో ఏమో, ఎవరము పట్టించుకోలేదు. నేలమాళిగలోకి దిగగానే వరుసగా పీపాలు, బల్ల మీద గ్లాసులు. మా గుంపులో ఒక అక్కయ్యగారు తన కుమారునితో వచ్చారు. ఆ తమ్ముడు నాలుగేళ్ళ క్రితము త్రాగుడు మాని, ఎంతో పోరాటముతో నిలబడినవాడు. సంఘమంతటికీ తెలిసిన సంగతే, మాకు మరీ తెలుసు. అమ్మాయి చిరునవ్వుతో అతని చేతికి గ్లాసు అందించింది. అక్కయ్యగారి ముఖము మేము చూశాము.

అతడు గ్లాసు బల్ల మీద పెట్టి, మెట్లెక్కి బయటకు వెళ్ళిపోయాడు. మేమూ వెళ్ళాము. గులాబీ మొక్క పక్కన గట్టు మీద కూర్చున్నాడు. “అంకుల్, ఆ వాసన చాలు. లోపల ఇంకో నిమిషము ఉంటే ఏమయ్యేదో చెప్పలేను” అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఏమి చెప్పాలో తోచక నాన్నగారి నీలపు గోళ్ళ సంగతి, కత్తి పరీక్ష సంగతి చెబుతూ కూర్చున్నాము. అతడు విన్నాడు. కొంతసేపటికి “కత్తికి రాగి అంటకపోతే సరిపోయినట్టేనా?” అని అడిగాడు.

తిరుగు బస్సులో వాదన లేచింది. కానా పెండ్లి సంగతి ఒకరు ఎత్తారు. భోజనముతో ఒక గ్లాసు పుచ్చుకునే ఈ దేశస్థులందరూ పాపులా అని మరొకరు. మేము అలా అనము. కాని బస్సులో మాకు గుర్తుకొచ్చినది రోమా పత్రిక 14వ అధ్యాయము. బలహీనుడైన సహోదరుని గురించి దాని మీద మేమే బైబిలు స్టడీ చెప్పాము. ప్రోగ్రాము కాగితము మాత్రము చదవలేదు. ఆ రాత్రి అక్కయ్యగారిని క్షమించమని అడిగాము. ఆమె తన భర్త సంగతి ఎత్తారు. 1995 జనవరిలో మద్యనిషేధము వచ్చాక రెండేళ్ళు జీతము కవరు చింపకుండా ఇంటికి వచ్చేదట. 1997లో నిషేధము సడలించాక మళ్ళీ మామూలే. “దూబగుంట ఆడవాళ్ళు 1992లో మొదలుపెట్టినది నా ఇంట్లో రెండేళ్ళే నిలిచింది, అన్నయ్యా” అన్నారు.

మన బల్ల మీద పులియని రసము ఎక్కడినుండి వచ్చిందో కూడా ఆ ప్రయాణములోనే చర్చకు వచ్చింది. 1869లో అమెరికాలో వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు, ఫ్రాన్సు దేశస్థుడు పాశ్చర్ కనిపెట్టిన పద్ధతిలో ద్రాక్షరసము వేడిచేసి, పులియకుండా ప్రభురాత్రి భోజనమునకు సిద్ధపరిచాడు. ఆ తమ్ముడు ఈ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మా సంఘములో ఆ రసము కాచే వంతు మా ఇంటిది. అక్టోబరులో మంచి నల్లద్రాక్ష దొరకదు గనుక అమీర్‌పేటలో నల్ల ఎండుద్రాక్ష కొని, రాత్రి నానబెట్టి, శనివారము కాస్తాము. తిరిగి వచ్చిన తరువాత మొదటి శనివారము ఆ తల్లీకొడుకులిద్దరూ చెప్పకుండా వచ్చారు. అతడు గుడ్డ రెండు అంచులు పట్టుకున్నాడు, అక్కయ్యగారు పోశారు. రెండు సీసాలు నిండాయి.