కూత వినబడితే బంగారం దొరికినట్టేనా?



2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. అది మొదలు మన కోడంబాక్కంలో ఎవరింటికి కాఫీకి వెళ్ళినా కబుర్లు తిరిగి తిరిగి అక్కడికే చేరుతున్నాయి. పెళ్ళీడు ఆడపిల్లలున్న తల్లులు పాండీబజారు మొహం చూడడమే మానేశామంటున్నారు. కుర్రవాళ్ళు మాత్రం వేరే దారి పట్టారు. "కొనుక్కోవడమెందుకు, వెతుక్కుంటే పోలేదా?" అంటున్నారు. మెటల్ డిటెక్టర్ ఒకటి భుజాన వేసుకుని ఆదివారాలు బయలుదేరితే ఖర్చులు పోను మిగులుతుందట. నిజమేనా అని నన్ను అడుగుతున్నారు.

నన్నే ఎందుకు అడుగుతున్నారంటే, నేను స్టూడియోల్లో ముప్పై ఏళ్ళు సౌండు విభాగంలో పనిచేసినవాణ్ణి. ఆ యంత్రం చెవికి చెప్పే యంత్రం. పైగా మెల్‌బోర్న్‌లో ఉన్న మా మేనల్లుడికి నాలుగేళ్ళుగా ఇదే వ్యాపకం. కాబట్టి ఈ మూడు నెలలూ విన్నదీ చూసిందీ చదివిందీ మీ ముందు పెడుతున్నాను.

ముందు యంత్రం సంగతి. కర్ర చివర పళ్ళెంలాంటి చుట్ట ఉంటుంది. అందులోంచి అయస్కాంత తరంగం నేలలోకి వెళుతుంది. అక్కడ లోహం ఉంటే దానిలో చిన్న విద్యుత్తు పుట్టి బదులు పలుకుతుంది. ఆ బదులే మన చెవిలో కూత. అది "ఇక్కడ లోహం ఉంది" అంటుందే గాని "ఇది బంగారం" అనదు. సిగరెట్టు పెట్టెలోని అల్యూమినియం కాగితమూ, చిన్న బంగారపు ముక్కా దాదాపు ఒకే రకంగా కూస్తాయి. ఇనుప పాళ్ళు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి అయితే ఏమీ లేకపోయినా కూయిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటంటే, ముక్క కంటికి ఆనేంత ఉండాలి. పిండిలాంటి రజను ఎంత ఉన్నా యంత్రానికి వినబడదు.

ఆస్ట్రేలియాలో ఈ సరదా ఎందుకు సాగుతోందో ఇక్కడే తెలుస్తుంది. విక్టోరియా రాష్ట్రంలో 1851లో బంగారం వేట మొదలైంది. అక్కడి బంగారం ముద్దలు ముద్దలుగా పైపొరల్లోనే దొరికింది. 1869లో మోలియాగుల్ దగ్గర చెట్టు వేళ్ళ మధ్య డెబ్భై కిలోలు దాటిన ముద్ద బయటపడింది. మెటల్ డిటెక్టర్లు వచ్చాక, 1980లో కింగోవర్ దగ్గర ఒకాయనకు 27 కిలోల ముద్ద దొరికింది. దానిని లాస్‌వేగాస్‌లోని ఒక జూదశాల వాళ్ళు మిలియన్ డాలర్లకు పైగా ఇచ్చి కొన్నారు. అక్కడ ముప్పై డాలర్ల లోపు రుసుము కడితే పదేళ్ళపాటు వెతుక్కునే హక్కు ఇస్తారు. అనుమతి ఉన్న నేలలో దొరికింది దొరికినవాడిదే.

ఇంత సదుపాయం ఉన్నచోట మా వాడి సంపాదన ఎంతో వినండి. యంత్రానికి ఎనిమిది వేల డాలర్లు పోశాడు. నాలుగేళ్ళలో దొరికింది మొత్తం తొమ్మిది గ్రాములు. మనం కాసు అన్నా, ఇక్కడి వాళ్ళు సవరన్ అన్నా ఎనిమిది గ్రాములే కాబట్టి, కాసు మీద ఒక్క గ్రాము. యంత్రం ఖరీదులో పావు వంతు కూడా రాలేదు, పెట్రోలు లెక్క వేరే. "మరెందుకురా?" అంటే, "మామయ్యా, మందులతో తగ్గని షుగరు ఈ నడకతో తగ్గింది" అన్నాడు. ఆ లాభం కాదనలేను. కానీ అది బంగారం లాభం కాదు.

ఇక మన నేల సంగతి. 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి మైసూరు సరిహద్దులు సర్వే చేస్తూ కోలారు వైపు వచ్చాడు. ఆ మట్టిలో బంగారం ఉందని విని, చూపించినవారికి బహుమానం ఇస్తానన్నాడు. పల్లెవాళ్ళు ఎడ్లబండ్లలో మట్టి తోలుకొచ్చి, కళ్ళముందే కడిగి నలుసులు తీసి చూపించారు. ఈ వారెనే తరువాత కొన్నేళ్ళు మన పక్కనున్న నుంగంబాక్కంలో మద్రాసు అబ్జర్వేటరీ బాధ్యత చూశాడు. ఆయన రాసిన సంగతులు చదివి, న్యూజిలాండు నుంచి వచ్చిన లవెల్ అనే మాజీ సైనికుడు 1873లో అక్కడ వెతకడానికి అనుమతి సంపాదించాడు. కొన్నేళ్ళకే పెట్టుబడి చాలక హక్కులు ఇతరులకు అప్పగించాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ యంత్రాలతో దిగిన తరువాతే కోలారు కోలారయింది. మూడు కిలోమీటర్లకు మించిన లోతు తవ్వి, నూట ఇరవై ఏళ్ళలో దాదాపు 800 టన్నుల బంగారం తీశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. మన బంగారం పలుగురాతి పొరల్లో కంటికి ఆనని నలుసులుగా ఉంటుంది. టన్ను రాయిని పిండి చేస్తే నాలుగైదు గ్రాములు వచ్చే గనిని మంచి గని అంటారు. కర్నూలు జిల్లా జొన్నగిరిలో కంపెనీ లీజు తీసుకున్నది టన్నుకు ఒకటి రెండు గ్రాముల లెక్కమీద. అటువంటి బంగారం మీద మన డిటెక్టర్‌ని ఏడాది పొడుగునా ఊపినా నోరు విప్పదు. మరో సంగతి, ప్రభుత్వ అనుమతి లేకుండా ఖనిజాల కోసం అన్వేషించడం 1957 నాటి గనుల చట్టం ప్రకారం నేరం.

మరి మన నేలలో యంత్రానికి వినబడే ముక్కలు ఏమిటి? మనుషులు పారేసుకున్నవీ, మనుషులు దాచుకున్నవీ. ఈ రెండే.

పారేసుకున్నవాటి కోసం నేనే ఒక మిత్రుడి యంత్రం అరువు తీసుకుని మూడు తెల్లవారుజాములు బెసంట్ నగర్ బీచికి వెళ్ళాను. సోడా మూతలు నలభై ఒకటి, మేకులు పద్నాలుగు, చిల్లర నాణాలు ఇరవై మూడు రూపాయలు, ఒక వెండి మెట్టె. ఆటో ఖర్చు వెయ్యి దాటింది. ఆ మెట్టె చాలా అరిగిపోయి ఉంది. ఎవరి కాలిదో గాని, ఏళ్ళ తరబడి తొడిగినది. నా చేతిలో అది ఏమంత లాభంగా కనిపించలేదు. బీచిలో సుండల్ అమ్మే ఆవిడ దగ్గర ఉంచి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఇవ్వమన్నాను.

ఇదే సంగతి పెద్దయెత్తున చూడాలంటే కాకినాడ దగ్గర ఉప్పాడ వెళ్ళాలి. 2020 నవంబరులో నివర్ తుపాను వెలిశాక అక్కడి తీరంలో బంగారపు పూసలు, నలుసులు కొట్టుకొచ్చాయని ఊరంతా ఇసుకలో కూర్చుంది. కొందరికి దొరికాయి కూడా. ఆ తీరాన్ని సముద్రం ఏళ్ళ తరబడి కోసుకుపోతోంది. ఇళ్ళూ గుళ్ళూ మునిగిన చోటు అది. ఇసుకలో మెరిసింది గని బంగారం కాదు, ఒకప్పుడు ఎవరి ఇంట్లోదో. ఇల్లు పోగొట్టుకున్నవారి పిల్లలే అందులో వెతుక్కుంటున్నారేమో అనుకుంటే మనసు బరువెక్కుతుంది.

పారేసుకున్న బంగారంతో నిజంగా పొట్టపోసుకునేవారు మనలో పూర్వంనుంచీ ఉన్నారు. జలగడుగువాళ్ళు. నా చిన్నతనంలో నెల్లూరు ఆచారి వీధిలో చూసేవాణ్ణి. తెల్లవారకముందే కంసాలి కొట్ల ముందు ఊడ్చి, కాలవ మట్టి ఎత్తి, పళ్ళెంలో కడిగి కడిగి ఆకురాయి రజను తీసేవారు. వాళ్ళ చేతిలో చీపురు, బుర్రలో అనుభవం తప్ప యంత్రం లేదు. బంగారం ఎక్కడ రాలుతుందో తెలిసిన చోటే వెతికేవారు. అయినా వాళ్ళలో మేడలు కట్టినవారిని నేను చూడలేదు.

ఇక దాచుకున్నవి. మన కథల్లో లంకెబిందెలు లేని ఊరు ఉండదు. వాటి కోసం గుళ్ళూ కోటలూ గుల్లచేసి జైలుపాలైనవారి వార్తలు ప్రతి ఏటా చూస్తూనే ఉన్నాం. ప్రభుత్వానికే ఈ ఆశ తప్పలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారులే దగ్గరుండి తవ్వకాలు మొదలుపెట్టించారు. ఎముకలూ ఇటుకలూ కనిపించాయి గాని నిధి కనిపించలేదు. ఒకవేళ దొరికినా 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాచిన సొత్తు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. నిజాయితీగా అప్పగించి, హక్కుదారులెవరూ లేరని తేలితే, దొరికినవారికీ స్థలం యజమానికీ వాటాలుంటాయి. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇస్తుంది.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. మా కింది వాటాలోని కుర్రవాడు షూటింగులకు వ్యాను నడిపేవాడు. పనులు తగ్గి ఖాళీగా ఉన్నాడు. ఒకరోజు రంగుల కాగితం పట్టుకొచ్చి, "బాబాయ్‌గారూ, ఈ మిషను అరకిలోమీటరు దూరంనుంచే బంగారం చూపిస్తుందట. లక్షా డెబ్భై వేలు. అమ్మ గాజులు తాకట్టు పెడితే సరిపోతుంది" అన్నాడు. బొమ్మ చూశాను. పిడికి తగిలించిన రెండు తీగలు, ఒక మీటరు. నేలకు తరంగం పంపే చుట్టే లేదు. ఇటువంటివాటికి ఏ శాస్త్రమూ లేదు. ఇదే మోసాన్ని బాంబులు పట్టే యంత్రమని ఇరాకుకు అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో బ్రిటన్‌లో పదేళ్ళ జైలు వేశారు. దాని మూలం గోల్ఫు బంతులు వెతకడానికంటూ అమ్మిన ఆటబొమ్మ.

అతనికి ఒకటే చెప్పాను. "అబ్బాయీ, నీ దగ్గర ఉన్న బంగారం ఎక్కడుందో నీకు తెలుసు. మీ అమ్మ చేతికి ఉంది. దాన్ని ఇచ్చి, లేని బంగారం వెతకబోతున్నావు." మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. గాజులు తాకట్టుకు వెళ్ళలేదని వాళ్ళమ్మ మరునాడు చెప్పింది.

ఇదీ నా లెక్క. విదేశాల్లో ఉన్న మన పిల్లలు చట్టం ఒప్పుకున్నచోట, నష్టపోయినా బెంగలేని డబ్బుతో, ఆరోగ్యం కోసం తిరిగితే తిరగనివ్వండి. ముందు అద్దెకు తీసుకుని చూడమనండి. మన దేశంలో మాత్రం దీన్ని సంపాదన మార్గం అనుకుంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. అప్పుచేసి, తాకట్టు పెట్టి యంత్రం కొనేవారిని చూస్తే దయచేసి చేయి పట్టుకుని ఆపండి. గుడి దగ్గరా కోట దగ్గరా యంత్రం బయటికి తీయవద్దనండి.

అంతగా వెతకాలనిపిస్తే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ప్రతి ఇంట్లోనూ బీరువా కిందకు దొర్లిపోయిన చెవిదుద్దు మర ఒకటైనా ఉంటుంది. దానికి యంత్రం అక్కర్లేదు, చీపురు చాలు.