తలపైని పలకను పట్టి ఉంచేదేమిటి?



గోడకు క్యాలెండరు తగిలించాలంటే మీరేం చేస్తారు? ఒక మేకు కొట్టి తగిలిస్తారు. ఏళ్ళు గడిచినా అది అక్కడే ఉంటుంది. అదే మేకును కింది నుంచి పైకి, ఇంటి కప్పు దూలానికి కొట్టి, దానికొక బరువు వేలాడదీస్తే? ఆ మేకు కింద మంచం వేసుకొని పడుకొనే ధైర్యం మీకుందా?

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. మా కాణిపాకంలోనూ, ఇరాల, చిత్తూరు వైపు ఊళ్ళలోనూ ఇళ్ళకు లోపలివైపు సీలింగు పలకలు బిగించుకొనేవారు ఎక్కువయ్యారు. రేకుల ఇంటివారు ఎండవేడి తగ్గుతుందని, మిద్దె ఇంటివారు అందంగా ఉంటుందని వేయిస్తారు. పలక ఏ రంగు, అంచు ఏ తీరు, దీపాలు ఎన్ని అని ఇంటిల్లిపాదీ వారం రోజులు చర్చిస్తారు. ఆ పలకను దేనితో బిగిస్తున్నారు అని మాత్రం ఎవరూ అడగరు. "ఏదో ఒక స్క్రూ వేస్తాడులే" అంటారు. ఇది తలకిందుల పద్ధతి అని నా అభిప్రాయం. ముందు ఎంచుకోవలసింది బిగించే వస్తువును. పలక సంగతి ఆ తరువాత.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం గల జిప్సం పలక చదరపు మీటరుకు సుమారు ఎనిమిదిన్నర కిలోలు తూగుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గది వైశాల్యం దాదాపు 11 చదరపు మీటర్లు. గుణించండి. 90 కిలోలు దాటింది గదా! పలకలను మోసే ఇనుప పట్టీల బరువు కూడా కలిపితే క్వింటాలు దాటుతుంది. అంటే రెండు బియ్యం మూటలు మీ తలపైన వేలాడుతున్నాయన్న మాట. ప్లాస్టిక్ పలకలు ఇంతకంటే చాలా తేలిక. అయినా సూత్రం ఒకటే.

ఇప్పుడు గోడ మేకుకూ కప్పు మేకుకూ తేడా చూడండి. గోడ మేకు అడ్డంగా ఉంటుంది, బరువు కిందికి లాగుతుంది. క్యాలెండరు పడాలంటే మేకు వంగాలి, లేదా తెగాలి. ఉక్కు మేకు అంత సులభంగా వంగదు. కప్పు మేకు నిలువుగా ఉంటుంది. బరువు దానిని పొడవు వెంబడి, వచ్చిన దారినే బయటికి లాగుతుంది. దానిని ఆపేది చెక్కకూ మేకుకూ మధ్యనున్న ఘర్షణ ఒక్కటే. వానకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండకాలంలో కుంచించుకుపోతుంది. ఏటేటా ఇలా జరిగి మేకు పట్టు సడలుతుంది. గురుత్వాకర్షణకు మాత్రం సెలవులు లేవు!

స్క్రూ, అనగా మర మేకు, అలా కాదు. వాలుతలాన్ని ఒక కడ్డీ చుట్టూ చుడితే మర అవుతుందని పాఠంలో చదివే ఉంటారు. ఆ మరల మధ్య సందులలో చెక్క ఇరుక్కొని ఉంటుంది. స్క్రూ నేరుగా ఊడి రావాలంటే ఆ చెక్కను చీల్చుకొని రావాలి. నమ్మకం కలగకపోతే ఒక బట్టల సబ్బు తీసుకోండి. ఒకవైపు మేకు గుచ్చండి. మరొకవైపు అంతే లావు గల స్క్రూను తిప్పి దించండి. రెండింటినీ తిప్పకుండా వేళ్ళతో నేరుగా లాగండి. తేడా మీ వేళ్ళకే తెలుస్తుంది.

కాబట్టి కప్పు పలకకు మేకు పనికిరాదు, స్క్రూ కావాలి. అందులోనూ చెక్కకైతే ఎడమెడంగా మరలున్నది, పలుచని ఇనుప పట్టీకైతే దగ్గరదగ్గరగా మరలున్నది. జిప్సం పలకకు బలమిచ్చేది దానికి రెండువైపులా అంటించిన కాగితం. స్క్రూ తల ఆ కాగితాన్ని కొద్దిగా లోపలికి నొక్కాలి గాని చింపకూడదు. గట్టిగా ఉంటుందని మరీ లోతుకు దించితే కాగితం చిరిగి, స్క్రూ పైనే ఉండిపోయి, పలక మాత్రం కిందికి జారుతుంది.

మరి సిమెంటు మిద్దెకు ఏం చేయాలి? కాంక్రీటులో స్క్రూ నేరుగా దిగదు. బెజ్జం వేసి, అందులో ప్లగ్గు పెట్టి, ప్లగ్గులోకి స్క్రూ తిప్పాలి. 20వ శతాబ్దం తొలినాళ్ళలో ఇంగ్లండులో జాన్ రాలింగ్స్ అనే ఆయన జనపనారను జంతువుల రక్తంతో అతికించి ఇలాంటి ప్లగ్గులు చేశాడు. 1958లో జర్మనీలో ఆర్థర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గును రూపొందించాడు. స్క్రూ దిగేకొద్దీ ప్లగ్గు విచ్చుకొని బెజ్జం గోడలను నొక్కుతుంది. నొక్కుడు ఎక్కువైతే ఘర్షణ ఎక్కువ. బెజ్జం ఒక్క మిల్లీమీటరు పెద్దదైనా, లోపల దుమ్ము మిగిలినా ఆ నొక్కుడు తగ్గిపోతుంది. ప్లాస్టిక్కు వేడికి మెత్తబడుతుంది కూడా. అందుచేత బరువైన సీలింగుకు, లోహంతో చేసి లోపల విచ్చుకొనే యాంకరు బోల్టే మేలు.

ఒక పలకను పట్టీకి బిగించే స్క్రూలు పాతిక, ముప్పయి దాకా ఉంటాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలక 20 కిలోల లోపే కనుక ఒక్కో స్క్రూ మోసేది కిలో కంటే తక్కువే. కాని ఆ పట్టీలను మిద్దెకు వేలాడదీసే బోల్టులు నాలుగడుగులకొకటి చొప్పున ఉన్నాయనుకోండి. అప్పుడు గది మొత్తానికి ఏడెనిమిదే. ఒక్కొక్కటి 13 కిలోలకు పైగా మోస్తుంది. ఒకటి జారితే దాని వాటా పక్కవాటి మీద పడుతుంది. గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెంలోనే ఉంటుంది గదా! సీలింగులో ఆ కొక్కెం ఇదే. ఒకసారి పలక మూసేస్తే ఇది ఎవరి కంటికీ కనిపించదు.

"ఇవన్నీ ఎందుకు, గట్టి జిగురు ఉంది గదా" అంటారు కొందరు. అమెరికాలో బోస్టన్ నగరపు సొరంగ మార్గంలో కాంక్రీటు సీలింగు పలకలను ఎపాక్సీ జిగురుతో నాటిన బోల్టులకు వేలాడదీశారు. 2006 జూలై 10న అవి కూలి ఒక కారుపై పడ్డాయి. ఒకరు చనిపోయారు. ఎప్పుడూ బరువు మోస్తూ ఉండటం వల్ల ఆ జిగురు కొద్దికొద్దిగా సాగిందని దర్యాప్తులో తేలింది. ఈ నెమ్మది సాగుడునే క్రీప్ అంటారు. నిండు సంచిని చాలాసేపు తగిలించి ఉంచితే ప్లాస్టిక్ పిడి సాగిపోవడం మీరు చూసే ఉంటారు. జపానులో ససాగో సొరంగంలోనూ 2012 డిసెంబరు 2న సీలింగు పలకలు కూలి తొమ్మిది మంది మరణించారు. అక్కడ కూడా బోల్టులను పట్టి ఉంచింది జిగురే. మీ గది సొరంగమంత పెద్దది కాదు, నిజమే. కాని బిగించిన రోజు నిలిచింది కనుక ఎల్లకాలం నిలుస్తుందనుకోవడం అక్కడా తప్పే, ఇక్కడా తప్పే.

మరికొన్ని జాగ్రత్తలు. ఫ్యానును సీలింగు పలకకు గాని పట్టీకి గాని తగిలించకండి. దాని కొక్కెం మిద్దెలోనే ఉండాలి. మిద్దె కారుతుంటే ముందు దానిని బాగుచేయించండి. 2021 నవంబరు వానలు మన జిల్లావారికి గుర్తుండే ఉంటాయి. తడిసిన జిప్సం బరువెక్కి మెత్తబడుతుంది, పూత లేని స్క్రూ తుప్పు పడుతుంది. ఆస్‌బెస్టాస్ రేకుకు డ్రిల్లు పెట్టనే కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదకరం. అలాంటి ఇంట్లో పట్టీలను రేకు కింది దూలాలకే బిగించాలి.

కాణిపాకం వినాయకుని ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి జనం భయపడతారు. ప్రమాణమనే మాటకు మన భాషలో మరో అర్థం కూడా ఉంది. కొలత, నాణ్యతకు గీసిన గీత అని. జిప్సం పలకలకు ఐ.ఎస్. 2095 అనే భారతీయ ప్రమాణం ఉంది. "నా పని గట్టిది" అని పనివాడు చేసే మొదటి రకం ప్రమాణంతో మనం తృప్తి పడిపోతున్నాం. నేను కోరేది రెండవ రకం.

అందుకే మీ ఇంట్లో సీలింగు పని మొదలైతే మీ నాన్నగారితోనో అమ్మతోనో చెప్పి మూడు ప్రశ్నలు అడిగించండి. మిద్దెలో వేసే బోల్టు ఏది? అది ఎంత బరువు మోస్తుంది? ఎన్ని అడుగులకొకటి వేస్తున్నారు? పలకలు మూయకముందు ఒక్కొక్క బోల్టును పెద్దవాళ్ళచేత గట్టిగా లాగించి చూడండి. మేస్త్రీ విసుక్కోవచ్చు. ఫరవాలేదు. ఆ కప్పు కింద పడుకొనేది మీరు, మేస్త్రీ కాదు.