క్లాసులో ఎవరు మాట్లాడుతున్నారు?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోర్సుల పేర్లు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి. నిన్న జావా, డాట్‌నెట్ ఉన్న బోర్డు మీద ఇవాళ డేటా సైన్స్, క్లౌడ్, ఏఐ కనిపిస్తాయి. మారనిది స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు ఒక్కటే. ఎస్సార్ నగర్, మధురానగర్, ఎల్లారెడ్డిగూడ హాస్టళ్లలో గది తీసుకున్న జిల్లాల పిల్లలు పొద్దున కోడింగ్ బ్యాచ్‌కి, సాయంత్రం ఇంగ్లిష్ బ్యాచ్‌కి పరుగెడతారు. వీళ్లలో చాలామంది బీటెక్ పూర్తి చేసినవాళ్లే. బడిలో ఏళ్ల తరబడి ఇంగ్లిష్ పాఠం చదివారు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ ఇంగ్లిష్‌లోనే పరీక్షలు రాశారు. అయినా ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే గొంతు తడారిపోతుంది.

అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న శ్రీనగర్ కాలనీలో పరిస్థితి వేరు. చాలా అపార్ట్‌మెంట్లలో ఇంగ్లిష్ ఇంట్లోనే వినిపిస్తుంది. అమ్మానాన్నల ఫోన్ మాటల్లో, టీవీలో, స్నేహితుల కబుర్లలో పిల్లలకు అది రోజూ తగులుతూనే ఉంటుంది. అదే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలకు మాత్రం అది నిజంగా విదేశీ భాషే. క్లాసు దాటి బయటికొస్తే ఇంగ్లిష్‌లో మాట్లాడే అవసరం గానీ, మాట్లాడించే మనిషి గానీ వాళ్లకు దొరకరు. అలాంటి పిల్లలకు ఆ పీరియడ్ ఒక్కటే ఆధారం. ఆ నలభై అయిదు నిమిషాలో, గంటో ఎలా గడుస్తోందన్నది అందుకే చాలా పెద్ద ప్రశ్న.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. గంట క్లాసు, 40 మంది విద్యార్థులు. మాస్టారు 45 నిమిషాలు పాఠం చెప్పి, మిగిలిన పావుగంటలో ఒక్కొక్కరినీ లేపి మాట్లాడించారనుకుందాం. మనిషికి దక్కేది 22 సెకన్లు. పేరు, ఊరు చెప్పేసరికి అయిపోతుంది. నెల రోజుల కోర్సులో ఒక్కరోజు కూడా మానకుండా వచ్చిన విద్యార్థి నోరు తెరిచింది మొత్తం పదకొండు నిమిషాలు. క్యాంపస్ శిక్షణల్లో పేరుమోసిన ‘జామ్’ (జస్ట్ ఎ మినిట్) పద్ధతిదీ ఇదే తీరు. ఒకరు నిలబడి నిమిషం మాట్లాడతారు, 39 మంది తమ వంతు ఎప్పుడొస్తుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు.

అదే క్లాసులో పది నిమిషాలు జంటలుగా మాట్లాడించారనుకోండి, ప్రతి ఒక్కరికీ అయిదు నిమిషాలు దక్కుతుంది. ఖర్చు లేదు, ప్రొజెక్టర్ అక్కర్లేదు, బెంచీలు జరపనక్కర్లేదు. పక్కవాడి వైపు తిరిగితే చాలు. ఇంత సులువైన పని మన క్లాసుల్లో ఎందుకు జరగదంటే, గోల చేసే క్లాసు చెడ్డ క్లాసనీ, నిశ్శబ్దంగా రాసుకునే క్లాసు మంచి క్లాసనీ మనకో గట్టి నమ్మకం. భాష నేర్పే గదికి ఆ నమ్మకం పనికిరాదు.

మాట్లాడించకుండా బట్టీ పట్టించే ఈ జబ్బు కొత్తదేమీ కాదు. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో, కొడుకు వెంకటేశం ఇంగ్లిష్ మాట్లాడితే వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. వెంకటేశం, అతని గురువు గిరీశం చేసేదల్లా కంఠతా వచ్చిన పాఠాల ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకోవడమే. ఆమె పొంగిపోతుంది. గురజాడ ఆనాడే పట్టుకున్న ఆ దృశ్యం ఇప్పటి స్కూలు వార్షికోత్సవ వేదికల మీద ఏటా కనిపిస్తూనే ఉంది. అక్షరం పొల్లుపోకుండా ఉపన్యాసం అప్పజెప్పిన పిల్లవాణ్ని వేదిక దిగాక ‘పొద్దున ఏం తిన్నావు’ అని ఇంగ్లిష్‌లో అడిగితే బిక్కమొహం వేస్తాడు.

దేశమంతటా పరిస్థితి ఎలా ఉందో 2016 నాటి అసర్ విద్యా సర్వే చూపించింది. గ్రామీణ ప్రాంతాల్లో అయిదో తరగతి పిల్లల్లో తేలికపాటి ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 24.5 శాతం. మాట్లాడటం సంగతి అటుంచితే, చదవడమే నలుగురిలో ఒకరికి వచ్చింది.

దారి తెలియక ఇలా ఉన్నామా అంటే అదీ కాదు. విదేశీ భాషగా ఇంగ్లిష్‌ను ఎలా నేర్పాలన్న విషయంలో దేశానికే పెద్ద బడి ఈ నగరంలోనే ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా హైదరాబాద్‌లో మొదలైన సంస్థకు తొలినాళ్లలో సారథ్యం వహించింది కన్నడ కవి వి.కె. గోకాక్. 1972లో అది సీఐఈఎఫ్‌ఎల్ అయింది, 2007లో ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అమీర్‌పేటలో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే మధ్యలో ఎక్కడా మారకుండా తార్నాకలో దిగి అక్కడికి వెళ్లొచ్చు. అక్కడ పోగుపడిన జ్ఞానం మాత్రం ఆరు దశాబ్దాలు దాటినా మన సందుల్లోని క్లాసు గదుల దాకా పూర్తిగా రాలేదు.

పక్క రాష్ట్రాల్లో జరిగిన ప్రయోగం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే బోధనా నిపుణుడు బెంగళూరు, మద్రాసు బడుల్లో ఇంగ్లిష్ క్లాసును తలకిందులు చేశారు. ఈ రోజు ప్రెజెంట్ టెన్స్, రేపు పాస్ట్ టెన్స్ అనే వరసను పక్కన పెట్టారు. పిల్లల చేతికి రైల్వే టైంటేబుల్, ఊరి పటం ఇచ్చి, ఫలానా చోటికి ఫలానా వేళకు చేరాలంటే ఏ బండి ఎక్కాలో తేల్చమన్నారు. పిల్లల దృష్టి లెక్క తేల్చడం మీద ఉంటే భాష దానంతట అది ఒంటబడుతుందన్నది ఆయన వాదన. ఇవాళ ప్రపంచమంతా టాస్క్ పద్ధతి అని పిలిచే బోధనకు తొలి పునాదుల్లో ఇదొకటి.

ఆ ప్రయోగంపై 1985లో వెలువడిన మూల్యాంకన ఫలితాలు మనవాళ్లు గోడకు అంటించుకోదగ్గవి. వ్యాకరణ నిర్మాణాలు అడిగిన పరీక్షలో పాత పద్ధతిలో చదివిన పిల్లలు పైచేయి సాధించారు. విని అర్థం చేసుకోవడం, సందర్భాన్ని బట్టి భాష వాడటం లాంటి పరీక్షల్లో ప్రభు పద్ధతిలో చదివిన పిల్లలు ముందున్నారు. ఏది పరీక్షిస్తే అదే వస్తుందన్నమాట. ప్రభుకు పిల్లల్ని గుంపులుగా మాట్లాడించడం అంతగా నచ్చేది కాదు, ఒకరి తప్పు మరొకరికి అంటుకుంటుందని ఆయన భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ రోజుకు 22 సెకన్లు దక్కే పిల్లవాడి విషయంలో తప్పుల కన్నా మౌనమే పెద్ద ప్రమాదం.

ఆ టాస్కులకు అమీర్‌పేట కన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? రెడ్ లైన్, బ్లూ లైన్ కలిసే స్టేషన్ అది. ఒకరి చేతిలో మెట్రో మ్యాప్, రెండోవాడి చేతిలో వెళ్లాల్సిన చోట్ల జాబితా పెట్టాలి. పంజాగుట్టలో ఎక్కి ఉప్పల్ వెళ్లాలంటే ఎక్కడ మారాలి? ఎల్‌బీ నగర్‌కైతే మారాలా, అక్కర్లేదా? ఒకరి కాగితం మరొకరు చూడకూడదు. నోటితో అడిగి తెలుసుకోవాల్సిందే. సత్యసాయి నిగమాగమంలో పెళ్లికి వచ్చిన చుట్టానికి ఫోన్లో దారి చెప్పడం, హాస్టల్ యజమానితో అద్దె బేరమాడటం, నిమ్స్‌లో పేషెంట్ తరఫున వివరాలు చెప్పడం... ఈ చుట్టుపక్కల బతుకంతా పాఠమే. లండన్ రెస్టారెంటులో ఆర్డరిచ్చే సంభాషణల జిరాక్స్ కాగితాలతో పనేముంది?

ఇక తెలుగు సంగతి. ఇంగ్లిష్ రావాలంటే క్లాసులో తెలుగు వినపడకూడదన్న మూఢనమ్మకం మన పిల్లలకు చేసినంత చేటు మరేదీ చేయలేదు. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే బడులు ఇప్పటికీ ఉన్నాయి. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడారని పసిపిల్లల మెడలో పలకలు వేలాడదీసిన ఘటన రాష్ట్రాన్నంతా కలచివేసింది. ఇలాంటి శిక్షతో పిల్లలకు ఇంగ్లిష్ రాదు, నోరు మూసుకోవడం వస్తుంది. వేల్స్‌లో పనిచేసిన సి.జె. డాడ్సన్ 1967లోనే ద్విభాషా పద్ధతిని పుస్తకంగా రాశారు. కొత్త వాక్యం అర్థాన్ని మాతృభాషలో ఒక్కసారి చటుక్కున చెప్పేసి, మిగిలిన సమయమంతా ఇంగ్లిష్‌లో సాధన చేయించాలన్నది అందులోని కిటుకు. పావుగంట సైగలు చేసి, బొమ్మలు గీసి చెప్పే అర్థం తెలుగులో రెండు సెకన్ల పని. ఆదా అయిన సమయం పిల్లల మాటలకు దక్కుతుంది.

పాఠ్యపుస్తకాల్లో ఈ వివేకం కొంత కనిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2020లో, తెలంగాణ 2022లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పుస్తకాలు తెచ్చాయి. మంచి పని. అయితే ఎదురెదురు పేజీలను ఎలా వాడాలో ఉపాధ్యాయుడికి నేర్పకపోతే పిల్లవాడు తెలుగు పేజీ చదివి, ఇంగ్లిష్ పేజీలోని జవాబు బట్టీపడతాడు.

తప్పులు దిద్దే తీరు గురించి కూడా గట్టిగా చెప్పాలి. పిల్లవాడు వాక్యం సగంలో ఉండగానే అడ్డుపడే అలవాటు మాస్టార్లు మానుకోవాలి. అన్నల గురించి చెబుతూ ‘ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్’ అన్నాడనుకోండి. ‘ఓహో, యూ హేవ్ టూ బ్రదర్స్! వాట్ డూ దే డూ?’ అని అడిగితే సరైన రూపమూ వినబడింది, సంభాషణా ఆగలేదు. ఎక్కువమంది చేసే తప్పులు రెండు మూడు కాగితం మీద రాసుకుని, క్లాసు చివర పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెడితే సరిపోతుంది. మరొకటి, ఆగడం. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ చెప్పనివాళ్లూ నోరు విప్పారు. ఆమె చూసింది సొంత భాషలో సాగిన సైన్స్ క్లాసుల్ని. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో వాక్యం కట్టుకోవాల్సిన మన పిల్లలకు ఇంకెంత సమయం ఇవ్వాలి?

యాస విషయంలో మన కోచింగ్ సెంటర్లు అక్కర్లేని చోట చెమటోడుస్తున్నాయి. అమెరికన్ యాక్సెంట్ నేర్పుతామన్న ప్రకటనలకు కొదవ లేదు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ప్రచురణగా ఆర్.కె. బన్సల్ పరిశోధన 1969లో వెలువడింది. భారతీయుల ఇంగ్లిష్ బయటివాళ్లకు అర్థం కాకపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి పదంలో ఊనిక తప్పు చోట పడటమేనని అది తేల్చింది. కాబట్టి ఊనిక నేర్పండి, యాస వదిలేయండి. హైదరాబాద్‌లోని చిన్న ప్రైవేటు బడి పిల్లలతో సుగతా మిత్రా బృందం చేసిన ప్రయోగం 2003లో అచ్చయింది. మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ముందు పిల్లలు తమంతట తాము సాధన చేసి ఉచ్చారణ మెరుగుపరుచుకున్నారు. అప్పట్లో దానికి కంప్యూటర్ కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ సౌకర్యం హాస్టల్ కుర్రాడి జేబులోని ఫోన్‌లోనే ఉంది. వాయిస్ టైపింగ్ పెట్టుకుని మాట్లాడి, తెరమీద ఏం పడిందో చూసుకుంటే ఎక్కడ తడబడుతున్నాడో అతనికే తెలుస్తుంది.

చదవడం లేకుండా మాట్లాడటం నిలవదు. ఫిజీ దీవుల్లో గ్రామీణ బడులకు 1980ల మొదట్లో బొమ్మల కథల పుస్తకాలు కుప్పలుగా పంచి, రోజూ కాసేపు చదివించారు. ఎనిమిది నెలల్లో ఆ పిల్లల చదివే శక్తి, మామూలు పాఠాలు చదివిన పిల్లలతో పోలిస్తే దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. మన దగ్గర ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. గ్రామర్ నోట్సు పది పేజీలు తగ్గించి, అలాంటి కథలు పది చదివిస్తే నష్టపోయేది ఎవరూ ఉండరు.

క్రమం తప్పకుండా నేర్పితే జనం వస్తారనడానికి దోమలగూడ రామకృష్ణ మఠమే సాక్ష్యం. అక్కడి వివేకానంద భాషా సంస్థ 1979 నుంచి స్థాయిల వారీగా ఇంగ్లిష్ నేర్పుతోంది. అడ్మిషన్ల రోజున బారులు తీరే జనాన్ని చూసినవాళ్లకు నగరంలో ఈ భాష కోసం ఉన్న ఆకలి ఎంతో అర్థమవుతుంది. 30 రోజుల్లో అన్నీ వచ్చేస్తాయన్న వాగ్దానం ఆ ఆకలికి చేసే మోసం. అమీర్‌పేటలో డెమో క్లాసుకు వెళ్లే పిల్లలు ఫ్యాకల్టీ ఎంత ధారాళంగా మాట్లాడారో చూసి మురిసిపోకూడదు. పక్కన కూర్చున్న విద్యార్థులు ఎన్ని నిమిషాలు మాట్లాడారో చూసుకుని ఫీజు కట్టాలి.

అసలు మార్పు మొదలవ్వాల్సింది పరీక్ష దగ్గర. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి ఇంగ్లిష్ పబ్లిక్ పరీక్ష రాతపరీక్షే. మార్కులు లేని నైపుణ్యానికి పీరియడ్ ఇవ్వడానికి ఏ హెడ్మాస్టరూ సాహసించరు, ఇవ్వమని ఏ తల్లిదండ్రులూ అడగరు. సీబీఎస్‌ఈ బడుల్లో వినడం, మాట్లాడటం అంచనా వేసే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. అది మన సర్కారు బడి పిల్లలకు అందని పండేమీ కాదు. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు, పరీక్షల విభాగాలు ఇఫ్లూ ఆచార్యులను పిలిపించి కూర్చోవాలి. వినడానికీ మాట్లాడటానికీ ఇంగ్లిష్ పేపర్‌లో మార్కులు కేటాయించాలి. ఆ మార్కులు వేయడంలో ఉపాధ్యాయులకు ముందే శిక్షణ ఇవ్వాలి. వచ్చే విద్యాసంవత్సరం ఒక్కో జిల్లాలో కొన్ని బడుల్లోనైనా దీన్ని మొదలుపెట్టాలి.